ఉట్రెక్ట్‌లో గది

"పో. పైకే పో. ఆమెనే అమ్మా అని పిలుచుకో."

గురువారం పొద్దున నళిని అన్న మాట ఇది. కోపంలో అన్నదే గాని, అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు. తల్లి మాటను చెవిన పెట్టకుండా వదిలేసే అలవాటు కూతురు చైతుకూ లేదు. దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని మెట్లెక్కి పిన్ని ఇంట్లో మకాం పెట్టింది. ఆదివారం మధ్యాహ్నమైనా దిగి రాలేదు.

వంటింట్లో నళిని మూడు కంచాలు పెట్టింది. మూడింట్లోనూ సంగటి ముద్దలు వేసింది. కోడిసారు గిన్నె నిండా ఉంది.

నళిని మొగుడు దేవరాజ్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, మూడో కంచం చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. వర్తూరు మెయిన్ రోడ్డులో కరెంటు సామాన్ల అంగడి నడిపే మనిషి. ఏ తీగ ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఇంట్లో కూడా బాగానే తెలుసు.

"పిల్ల తినేసిండాది లే," అన్నాడు కాసేపటికి. "గీతమ్మ ఏదో చేసిందంట. చీజు వేసి."

"కోడిసారు వాసన మేడ మీదికి పోలేదా?"

"పోయింటాది."

"పోయినా రాలేదా?"

దేవరాజ్ సంగటి తుంచి సారులో ముంచాడు. కొన్ని ప్రశ్నలకు జవాబు నోట్లో ముద్ద ఉండటమే.

నళిని మూడో కంచంలోని ముద్దను తీసి మళ్ళీ గిన్నెలో వేసింది. కంచం కడిగింది. అది ఎంగిలి కాలేదు, అయినా కడిగింది, గట్టిగా చప్పుడయ్యేట్టు. పైవాళ్ళకు వినపడాలని. పైన ఏదో పాట మోగుతోంది కాబట్టి వినపడలేదు.

"ఇంగో మాట," అన్నాడు దేవరాజ్. "సాయంత్రం గలాటా లేకుండా ఉంటే బాగుంటాది. మిక్సీ గిక్సీ వేయొద్దు. పిల్లకి ఇంటర్వ్యూ ఉండాది."

"ఆదివారం ఏం ఇంటర్వ్యూ?"

"కాలేజీది కాదు. గదిది."

నళిని చేతిలో కంచం ఆగింది.

చైతుకు పరదేశంలో, ఉట్రెక్ట్‌లో సీటు వచ్చిందని తెలిసినప్పటినుంచీ ఈ ఇంట్లో అందరూ ఆ గది గురించే మాట్లాడుతున్నారు. ఆ ఊళ్ళో సీటు దొరకడం కంటే ఇల్లు దొరకడం కష్టమట. గది చూసుకోకుండా విమానం ఎక్కొద్దని యూనివర్సిటీవాళ్ళే చెప్పారు. అక్కడ ఐదారుగురు పిల్లలు కలిసి ఒక ఇంట్లో ఉంటారు. ఒకరు ఖాళీ చేస్తే, ఆ గదిలోకి ఎవరు రావాలో ఇంటి ఓనరు కాదు, మిగిలిన పిల్లలే తేల్చుకుంటారు. వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, నచ్చిన ఒక్కరికి ఇస్తారు. ఇప్పటికి రెండు ఇళ్ళవాళ్ళు చైతును వద్దనేశారు. రెండుసార్లూ నళిని పైకి అయ్యో అని, లోపల దేవుడికి దండం పెట్టుకుంది.

"మూడోదా?" అంది.

"మూడోది. ఇదీ కాకుంటే ఈడ్నే ఎమ్మెస్సీలో చేరిపోతా నాన్నా అనిండాది. ఇంగ ఎన్ని దినాలని చూస్తాది అది కూడా?"

"నాకు చెప్పలేదు."

"నువ్వు దాన్ని పో అన్నావు గదా. ఎప్పుడు చెప్పాల?"

"మీకెవరు చెప్పినారు?"

"గీతమ్మ చెప్పింది."

ఆ పేరు విన్నాక నళినికి వేరే సంగతులు వినపడలేదు. ఎనిమిది నెలల కిందట అమరనాథ్, గీతాంజలి ఉట్రెక్ట్ నుంచి తిరిగొచ్చినప్పుడు, మరిదీ తోడికోడలూ వస్తున్నారని పై అంతస్తుకు సున్నం వేయించింది నళినే. పాలు పొంగించింది నళినే. అప్పుడు గీతాంజలి ఆమెకు నచ్చింది కూడా. ఏలూరు పిల్ల, నెమ్మదస్తురాలు, అక్కా అని నోరారా పిలుస్తుంది. ఆ తర్వాత చైతు తలకు నూనె వద్దనడం మొదలుపెట్టింది. పిన్ని వాడే ఏదో సీసాలోది తలకు రాసుకుంది. తన గది కిటికీకి పరదాలు తీసేసింది. ఉట్రెక్ట్‌లో ఎవరూ పరదాలు వేసుకోరట, వీధిలో పోయేవాళ్ళకు హాలంతా కనపడుతుందట, అయినా ఎవరూ గుచ్చి చూడరట. ఇక్కడ ఎదురింటి భాగీరథమ్మ గుచ్చి గుచ్చి చూస్తుంది. నళిని పరదాలు మళ్ళీ కట్టింది. చైతు మళ్ళీ తీసింది. అలా మొదలై గురువారం దాకా వచ్చింది.

"ఒక రకంగా ఇది పెళ్ళిచూపుల మాదిరే అనుకో," అంటున్నాడు దేవరాజ్, చెయ్యి నాకుతూ. "పిల్లని చూస్తారు, నాలుగు మాటలు అడుగుతారు. నచ్చితే సరే, లేకుంటే లే."

తన మాటకు తనే నవ్వుకుని లేచి వెళ్ళాడు. నళిని నవ్వలేదు. పెళ్ళిచూపులంటే ఆమెకు బాగా తెలుసు. దొడ్డబళ్ళాపురంలో పెద్దనాన్న కూతురు సుశీలను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయారు. ఇంట్లో మేనత్త ఒకామె, పిల్లకు అప్పుడప్పుడు కొంచెం తలనొప్పి వస్తాది, అంతకుమించి ఏమీ లేదు అంది. అంతే. చెడగొట్టాలంటే పెద్ద అబద్ధాలేమీ అక్కర్లేదు, ఇంటి మనిషి నోట చిన్న నిజం చాలు.

ఆ ఆలోచన వచ్చినందుకు నళిని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుని, ఆలోచనను మాత్రం పక్కనే ఉంచుకుంది.

*

గీతాంజలి కిందికి వచ్చేసరికి నళిని హాల్లో చీరల మూట విప్పుకుని కూర్చుంది. పుట్టింటి ఊరు మగ్గాల చీరలు తెచ్చి చుట్టుపక్కల అపార్టుమెంట్లలో అమ్మడం ఆమె పని. ఆదివారం చీరలు సర్దాల్సిన పనేమీ లేదు. చేతులు ఊరికే ఉండలేక సర్దుతోంది.

"అక్కా, మీరు పైకి రావాలి," అంది గీతాంజలి గుమ్మంలోనే నిలబడి. "చైతూ చాలా నెర్వస్‌గా ఉంది. మీరుంటే బాగుంటుంది."

"అది రమ్మనిందా?"

గీతాంజలి తడబడింది. "అనలేదు. నేను అంటున్నా."

"నువ్వుండావు గదా. ఆ ఊరు తెలిసినదానివి. నేను వచ్చి ఏం చేస్తా?"

"ఊరు తెలిస్తే ఏముందక్కా. నేను వెళ్ళిన కొత్తలో మా వీధిలో ఒక్కళ్ళు పలకరించేవాళ్ళు కాదు. ఎవరింటికైనా వెళ్ళాలంటే వారం ముందు అడిగి టైమ్ తీసుకోవాలి. మెట్లు చూస్తే నిచ్చెనలాగా నిలువుగా ఉండేవి. ఆ మెట్ల మీద కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో ఈయనకి కూడా తెలీదు."

"అట్లాంటి ఊరికి నా బిడ్డను పంపిస్తా ఉండావు."

"నేను పంపించడం లేదు. తను వెళ్తానంటోంది." గీతాంజలి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నిజం చెప్పాలంటే, చైతూ లేకపోతే ఈ ఎనిమిది నెలలు ఇక్కడ నాకు తోచేదే కాదు. మనసు విప్పి మాట్లాడ్డానికి నాకు తనొక్కతే కదా."

గీతాంజలి మనసులో మాట చెప్పుకుంది. నళినికి మాత్రం అది గొప్పలు పోవడంలా వినిపించింది. ఇరవై రెండేళ్ళు కని పెంచినది ఒకరైతే, మనసు విప్పుకునేది ఇంకొకరితోనా?

"నాకు పనుండాది," అంది. "మీరు కానీండి."

గీతాంజలి ఇంకేదో అనబోయి, అనకుండా మెట్లెక్కింది. ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా నళిని ఒకే చీరను మూడుసార్లు మడిచింది.

*

పైనుంచి నవ్వులు వినపడ్డాయి. ముందు ఎవరివో తెలియని నవ్వులు, తర్వాత చైతు నవ్వు. ఆ నవ్వు నళిని విని చాలా రోజులైంది. కిందింట్లో ఆ పిల్ల అలా నవ్వడం మానేసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

అమరనాథ్ ఆదివారం కూడా అత్తిబెలె ఫ్యాక్టరీకి పోయాడు కాబట్టి ఇంట్లో ఇద్దరే ఉన్నారు. చైతు బల్ల ముందు కూర్చుంది. లాప్‌టాప్‌లో ఒక వంటింట్లో బల్ల చుట్టూ ఐదుగురు కనపడుతున్నారు. గీతాంజలి తెరకు కనపడకుండా పక్కన కూర్చుని, చైతు ఒక్కో జవాబు చెప్పినప్పుడల్లా తల ఊపుతోంది, పిల్ల చేత పద్యం అప్పజెప్పించుకుంటున్న టీచరులాగా.

ఐదుగురిలో పొట్టి జుట్టు అమ్మాయి తన ఫోను పట్టుకుని ఇల్లంతా చూపించింది. వంటింటి కిటికీ నిలువెత్తున ఉంది, పరదా లేదు. దాని అవతల ఎర్ర ఇటుకల ఇళ్ళు భుజం భుజం ఆనించుకుని వరసగా ఉన్నాయి. కిటికీ కింద నాపరాళ్ళు ఒక వరస తీసేసి ఎవరో పూలమొక్కలు పెట్టారు. నడవలో నాలుగు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మెట్లు గీతాంజలి చెప్పినట్టే నిలువుగా ఉన్నాయి. ఆ మెట్లలో మంచం పట్టకపోతే తాడు కట్టి వీధిలోంచి కిటికీ గుండా లాగామని చెప్పి, గడ్డం అబ్బాయి ఒకడు నవ్వాడు. ఖాళీ గది చిన్నది. గోడలు తెల్లగా ఉన్నాయి. కిటికీలోంచి ఎదురింటివాళ్ళు టీ తాగుతూ కనపడ్డారు.

నళిని ఆ గదిని చూసింది. తన బిడ్డ పడుకోబోయే చోటు. చూడకుండా ఉంటే బాగుండేది అనిపించింది.

"నువ్వు శుభ్రంగా ఉంటావా?" అని అడిగాడు గడ్డం అబ్బాయి ఇంగ్లీషులో.

"నాకు క్లీనింగ్ అంటే చాలా ఇష్టం," అంది చైతు.

తలుపు వెనకాల నళినికి కనుబొమలు లేచాయి.

"వారానికి ఒకరోజు అందరికీ వండాలి."

"వంట నాకు బాగా వచ్చు."

"ఇంటి మీద బెంగపడతావా?"

"అస్సలు లేదు. నేను చాలా ఇండిపెండెంట్."

గీతాంజలి బాగా చెప్పావన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించింది. తెరలో ఐదుగురూ మర్యాదగా నవ్వి, కప్పుల్లోకి చూసుకున్నారు. ఆ చూపు నళినికి తెలుసు. అపార్టుమెంట్లలో చీర వద్దనుకున్న ఆడవాళ్ళు, చాలా బాగుందండీ అనే ముందు అలాగే చూస్తారు. ఇదీ పోయినట్టే. ఆమె ఏమీ చేయకపోయినా పోయినట్టే. గుమ్మంలోనే ఉండి, వచ్చిన దారినే దిగిపోతే సరిపోయేది.

"ఇంట్లో ఎవరెవరున్నారు?" అంది పొట్టి జుట్టు అమ్మాయి, ముగించే ముందు అడిగే ప్రశ్నలాగా.

చైతు చెయ్యి చాచి గీతాంజలిని తెర ముందుకు లాగింది. "ఈమె మా పిన్ని. నా బెస్ట్ ఫ్రెండ్. ఈ ప్రపంచంలో నన్ను అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషి."

నళిని తలుపు తోసింది.

"నేను ఆమె తల్లిని," అంది ఇంగ్లీషులో.

నళిని ఇంగ్లీషు అపార్టుమెంట్లలో చీరలు అమ్ముతూ నేర్చుకున్నది. అందులో వ్యాకరణం తక్కువ, ధైర్యం ఎక్కువ. నేరుగా వెళ్ళి గీతాంజలికీ చైతుకూ నడుమ నిలబడింది.

"అమ్మా, ఏం చేస్తా ఉండావు?" అంది చైతు గొంతు తగ్గించి.

"మీకు నిజం చెప్పాలి," అంది నళిని తెరతో. "ఈమెకి క్లీనింగ్ ఇష్టం లేదు. తిన్న కంచం అక్కడే వదిలేస్తుంది. స్నానానికి పోతే వేడినీళ్ళు మొత్తం అయిపోతాయి, తర్వాతివాళ్ళు చన్నీళ్ళు పోసుకోవాలి. వంట అంటే నూడుల్స్ ఒకటి వచ్చు. కోపం వస్తే మాట్లాడదు. గురువారం నుంచి నాతో మాట్లాడలేదు."

"అమ్మా, చాలు."

"హాస్టల్లో పెట్టినాము మైసూరులో. రెండు వారాలు కూడా ఉండలేదు, ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేసింది. బెంగ లేదని చెప్పింది కదా. అబద్ధం."

చైతు మొహం తెల్లబోయింది. గీతాంజలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెరలో ఐదుగురూ కప్పులు కింద పెట్టారు.

ఇక అయిపోయినట్టే. నళిని గుండె దడదడలాడుతోంది. సుశీల పెళ్ళిచూపుల్లో మేనత్త గుండె కూడా ఇలాగే కొట్టుకుందేమో ఎవరికి తెలుసు.

"కూర్చోండి," అంది పొట్టి జుట్టు అమ్మాయి. "హాస్టల్లో ఏమైంది?"

గీతాంజలి ముందుకు వంగింది. "అక్కడ తనకి ఫుడ్ పడలేదు, అంతే. అది—"

"ఫుడ్ కాదు," అంది నళిని.

ఆ ఒక్క మాట అనేటప్పుడు ఆమెకు ఎంత సుఖంగా అనిపించిందో చెప్పలేము. అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషికి ఈ ముక్క తెలియదు.

"పక్క గదిలో ఎవరో ఒకరు మెలకువగా ఉంటే ఈమె నిద్రపోతుంది. చిన్నప్పటినుంచీ అంతే. నేను చీరలకు కుచ్చులు కడుతూ కూర్చుంటే పడుకునేది. హాస్టల్లో అందరూ ఒక్కసారే లైట్లు ఆర్పేస్తారు."

"ఓ," అన్నాడు గడ్డం అబ్బాయి. "నేను రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉంటాను. అందరూ నన్ను తిడతారు."

వాళ్ళు నవ్వారు. ఈసారి మర్యాద నవ్వు కాదు. నళిని అది గమనించలేదు.

"మాట్లాడకుండా ఉన్నప్పుడు ఏం చేయాలి?" అని ఇంకొకరు అడిగారు.

"దగ్గర కూర్చుని మాట్లాడితే తనే ఓపెన్ అవుతుంది," అంది గీతాంజలి.

"కాదు. మాట్లాడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. కంచం తలుపు బయట పెట్టి వెళ్ళిపోవాలి. తలుపు కొట్టకూడదు. కొడితే తినదు."

"జ్వరం వస్తే?"

"ఏమీ కాలేదని చెప్తుంది. నమ్మొద్దు. చెవులు చూడండి, ఎర్రగా ఉంటే జ్వరం."

ఇలా వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఈమె చెప్తూనే ఉంది. ప్రతి జవాబుకూ ముందు గీతాంజలి ఏదో అనబోవడం, నళిని కాదనడం. ఎప్పుడు కుర్చీలో కూర్చుందో ఆమెకే తెలియదు. గీతాంజలి ఎప్పుడు తెర ముందునుంచి తప్పుకుందో కూడా తెలియదు. చెడగొట్టడానికి వచ్చిన మనిషి, తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని చూపించుకునే ఆరాటంలో, వచ్చిన పని మరిచిపోయింది.

కాసేపట్లో చెప్తామని వాళ్ళు చేతులూపారు. తెర నల్లబడింది.

కింద వీధిలో ఎవరో వాటర్ ట్యాంకర్‌ను రివర్స్ తీయమని కన్నడంలో అరుస్తున్నారు.

"హాస్టల్లో ఎందుకు ఉండలేకపోయినానో నేను పిన్నికి కూడా చెప్పలేదు," అంది చైతు చివరికి.

సిగ్గుతో నళిని తల దించుకుంది. కాని ఆ సిగ్గులోనే, పిన్నికి కూడా చెప్పలేదు అన్న మాట చెవికి ఎంతో తియ్యగా తగిలింది. ఇంత జరిగాక కూడా అది తియ్యగా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను ఏమన్నా అడిగినానా నిన్ను?" అంది చైతు. "కిందనే ఉండింటే పోయేది. సుమ్నె, ఊరికే ఉండింటే పోయేది."

చైతు లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. గీతాంజలి ఆ తలుపు దాకా వెళ్ళి, కొట్టడానికి చెయ్యెత్తి, ఏదో గుర్తొచ్చినట్టు దించేసింది.

*

కబురు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. దేవరాజ్ ఏమైందో చూద్దామని పైకి వచ్చి, ఇద్దరు ఆడవాళ్ళూ చెరో మూల కూర్చుని ఉండటం చూసి, మంచినీళ్ళు తాగుతున్నట్టు నటిస్తున్నాడు. లోపలినుంచి కేకలాంటిది వినపడింది. తలుపు తెరుచుకుంది.

"ఇచ్చేసినారు," అంది చైతు. ఫోను ఎత్తి చూపించింది. "నాన్నా, గది నాకే ఇచ్చేసినారు."

"ఏమని రాసినారమ్మా?"

చైతు తెలుగు చేసి చదివింది. "ఇల్లు బాగా ఊడుస్తామని చెప్పేవాళ్ళు మాకు రోజూ దొరుకుతారు. అవి అబద్ధాలని మాకూ తెలుసు, మేమూ అట్లాగే చెప్పి వచ్చినాము. నిన్ను ఎట్లా చూసుకోవాలో మాత్రం మీ అమ్మ చెప్పింది. ఆమె ముగించేసరికి నువ్వు మా ఇంట్లో ఉన్నట్టే అనిపించింది."

చదివి, ఫోను దించి, తల్లి వైపు చూసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా చూసింది. వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది, పదేళ్ళ పిల్లప్పుడు వేలాడినట్టు.

"నాకోసమే చెప్పినావా అమ్మా? వాళ్ళకి నిజం చెప్తేనే నచ్చుతాదని నీకు తెలుసునా? నేను తప్పుగా అనుకున్నాను. సారీ అమ్మా."

నళిని చేతులు రెండూ పక్కన ఊరికే ఉండిపోయాయి. పిల్ల తల దగ్గర ఆ సీసా వాసన. ఇన్ని నెలలుగా ఆమె కోరుకున్నది ఇదే. కూతురు తనంతట తానే దగ్గరికి రావడం. వచ్చింది. వెళ్ళిపోవడానికి వచ్చింది.

అవునమ్మా, నీకోసమే అంటే సరిపోతుంది. దేవరాజ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. రేపు అంగడిలో అందరికీ చెప్తాడు, మా నళిని ఇంగ్లీషులో అదరగొట్టిందప్పా అని. గీతాంజలి మాత్రం గోడకు ఆనుకుని నిలబడి నళిని మొహమే చూస్తోంది. ఆమె ఆ గుమ్మంలోంచి నళిని లోపలికి రావడం చూసిన మనిషి. ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు.

ఆమె చేతిలో ఈ రహస్యం పెట్టి జన్మంతా బతకడమా? నళినికి అది చావుతో సమానంగా తోచింది.

"లేదు," అంది.

"ఏమి లేదు?"

"నీకోసం చెప్పలేదు. వాళ్ళు నిన్ను వద్దనాలని చెప్పినా. నువ్వు పోకూడదని."

మెడ చుట్టూ ఉన్న చేతులు విడిపోయాయి. చైతు ఒక అడుగు వెనక్కి వేసింది. దేవరాజ్ నీళ్ళ గ్లాసును ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

"నీకు నా మీద అంత కోపమా?" అంది చైతు.

"నీ మీద కాదు." నళిని గోడ వైపు చూడలేదు. "ఆమె మీద. నువ్వు ఆమెతో నవ్వుతా ఉంటే నాకు కడుపు మండిపోతాది. తల్లిని గదా, అట్లా ఉండకూడదని తెలుసు. తెలిసినా మండుతాది. ఏం చేయాల నేను?"

ఇంతకంటే సూటిగా ఆమె ఇరవై రెండేళ్ళలో ఏ మాటా చెప్పలేదు. చైతు ఏడవలేదు, అరవలేదు. ఫోను వైపు చూసింది, మళ్ళీ తల్లి వైపు చూసింది.

"ఈ రాత్రిలోగా సరేనని రాయాలంట," అంది మెల్లిగా. "లేకుంటే ఇంకొకరికి ఇస్తారంట. ఇంతసేపూ నేను అనుకున్నా, అమ్మకి ఇష్టమే, అందుకే అంత బాగా చెప్పిందని. నీకు ఇష్టం లేకుండా నేను పోలేను అమ్మా. ఆడికి పోయినా ఉండలేను. మైసూరు మాదిరే వచ్చేస్తాను." ఫోను తల్లి చేతిలో పెట్టింది. "రాయనా వద్దా, నువ్వే చెప్పు."

ఫోను వెచ్చగా ఉంది. నళినికి కావలసింది అరచేతిలోకి వచ్చింది. వద్దు అంటే చాలు. పిల్ల ఇక్కడే ఉంటుంది. రేపు కిందికి వస్తుంది, కంచం ముందు కూర్చుంటుంది. కాని ఇలా ఆగిపోయిన పిల్ల ఏ మొహంతో కూర్చుంటుంది? తిన్నంతసేపూ ఎవరిని తలుచుకుంటుంది? ఆ తెల్లగోడల చిన్న గది కళ్ళ ముందు మెదిలింది. పక్క గదిలో గడ్డం అబ్బాయి మూడింటిదాకా మేలుకునే ఉంటాడట.

రాయమందామని నళిని నోరు తెరిచింది.

"వద్దనండి అక్కా."

అందరూ అటు తిరిగారు. గీతాంజలి గోడను వదిలి ముందుకు వచ్చింది. ఆ ఇంటి కోసం నెలల తరబడి వెతికినది, వాళ్ళను పట్టుకున్నది, జవాబులు నేర్పినది ఆమే.

"గీతమ్మా, ఏంటిది?" అన్నాడు దేవరాజ్.

ఆమె బావగారి వైపు చూడలేదు. చైతు చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"దొరకదులే అనుకున్నాను," అంది. "రెండుసార్లు కాలేదు కదా, ఇదీ కాదులే అనుకునే నీకు సాయం చేశాను. నువ్వు నిజంగా వెళ్ళిపోతే నాకెవరున్నారు ఇక్కడ? వద్దనండి అక్కా. మీరంటే తను వింటుంది. నేనంటే వినదు."

చివరి మాట అన్నప్పుడు గీతాంజలి నళిని వైపు ఎత్తిన కళ్ళలో నీళ్ళతో పాటు ఇంకొకటి ఉంది. అదేమిటో నళినికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనిమిది నెలలుగా తను రోజూ మోసినదే అది.